మేకు కొట్టే చోటు

మా స్నానాలగది అద్దం అంచున, మాకంటే ముందు ఈ ఫ్లాట్‌లో అద్దెకున్నావిడ అంటించి వెళ్లిన బొట్టుబిళ్లలు ఇంకా అలాగే ఉన్నాయి. మెరూన్ రంగువి, మధ్యమధ్య నల్లవి. ఆవిరికి అంచులు లేచాయి, వెనక జిగురు పచ్చబడింది. వేడినీళ్లలో గుడ్డ ముంచి రుద్దితే చిటికెలో ఊడొస్తాయి. అయినా రోజూ పొద్దున్నే పళ్లు తోముకుంటూ వాటిని చూస్తాను, చెయ్యి వెయ్యను. ఆవిడెవరో నాకు తెలియదు. పడగ్గది ద్వారబంధం మీద పెన్సిల్ గీతలున్నాయి, ఒకదానిపైన ఒకటి, ఎదుగుతున్న పిల్లల ఎత్తులు. వంటింటి గట్టుమీద గుండ్రటి మచ్చ ఉంది, గ్రైండరు చాలాకాలం కూర్చున్న చోటు. సామాన్లు సర్దుకుంటూ నా గ్రైండరు కూడా సరిగ్గా ఆ మచ్చమీదే పెట్టాను. ప్లగ్గు అక్కడే ఉంది మరి, ఇంకోచోట పెడితే వైరు చాలదు. అప్పటినుంచీ ఒక ప్రశ్న నన్ను తొలుస్తోంది. కొత్తగా కాపురం పెట్టిన మనిషి ఇంటిని తనకు తగ్గట్టు మార్చుకుంటుందా, లేక ప్లగ్గు ఎక్కడుంటే అక్కడికి తనే జరుగుతుందా? జరిగిన తర్వాత, అది తన ఇష్టమే అనుకుంటుందా?

నిజాంపేటలో ఈ ఇల్లు మాది కాదు. అందరికీ ఉన్నట్టే మాకూ 11 నెలల అగ్రిమెంటు. రిజిస్ట్రేషన్ ఖర్చూ తిరుగుడూ లేకుండా అందరూ 11 నెలలకే రాసుకుంటారు. అందులో గోడలకు మేకులు కొట్టరాదన్న షరతు కూడా ఉంది. కర్టెన్ల కోసం మంగళగిరి చేనేత బట్ట కొన్నానని ఫోన్‌లో చెబితే అమ్మ, "అద్దె కొంపకి అంత సింగారం దేనికే?" అంది. అమ్మ తప్పు మాట్లాడలేదు. ఖాళీ చేసి వెళ్లేటప్పుడు ఈ కిటికీల కొలత ఇంకో ఇంటి కిటికీలకు సరిపోదు. కానీ అమ్మ ముప్పయ్యేళ్లు ఊడ్చి ముగ్గేసిన రాజమండ్రి ఇల్లు మాత్రం ఎవరిది? కాగితాలు తాతగారి పేరనే ఉండేవి, తర్వాత నాన్న పేరుకు మారాయి. పోనీ పుట్టింట్లో అంటారా, ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది, దేశమంతటికీ అది 2005లో వచ్చింది. అమ్మ పెళ్లి అంతకు ముందే అయిపోయింది. పెళ్లయినవాళ్లకు అప్పటి మన చట్టం వర్తించలేదు. అలా ఆలోచిస్తే మా ఇంటి ఆడవాళ్లు సింగారించినవన్నీ, ఒక లెక్కన, తమవి కాని ఇళ్లే. అయినా గడపకు పసుపు రాయడం ఎవరూ మానలేదు. సొంతం కాని చోట అంత శ్రమ ఎందుకు పోస్తాం? అలవాటేనా? లేక చేతితో ముట్టుకుని, రుద్ది, దిద్ది, ఆ కాగితాలు ఇవ్వని హక్కేదో రాబట్టుకుంటున్నామా?

ఇంటి సంగతి కాసేపు పక్కనపెడతాను. ఇంటికంటే ముందు మారింది నేనే. పెళ్లిలో నన్ను ముస్తాబు చేసినవన్నీ వేరేవాళ్ల చేతులు. నలుగు పెట్టింది పిన్ని, పారాణి దిద్దింది మేనత్త. నా ఒంటిమీద జరుగుతున్నదాన్ని నేను ఎదుటి అద్దంలో చూస్తూ కూర్చున్నాను. పూలజడ బరువుకు మెడ వెనక్కి లాగుతుంటే తల కొంచెం ఎత్తి పెట్టుకున్నాను, ఫొటోల్లో అది గర్వంలా పడింది. బుగ్గచుక్క, బాసికం, అరచేతుల్లో గోరింటాకు, అన్నీ బాగున్నాయి. నాకు ఇష్టంగానే ఉంది, అబద్ధం చెప్పను. కానీ ఆ ఇష్టంలో నా నిర్ణయం ఎంత అని అడిగితే జవాబు చెప్పలేను. ఇక్కడికొచ్చాక కొన్ని వారాలకు మా వీధి చివర పార్లర్‌కు వెళ్లి జుట్టు భుజాల వరకు కత్తిరించేసుకున్నాను. బోరు నీళ్లకు జుట్టు ఊడిపోతోందని అందరికీ చెప్పాను, అది నిజమే. హైదరాబాద్ బోరు నీళ్లలో స్నానం చేస్తే సబ్బు నురగ రాదు, కుళాయి మూతికి తెల్లగా సున్నం పేరుకుంటుంది, జుట్టు గరుకెక్కుతుంది. కానీ కారణం అదొక్కటేనా? పెళ్లి ఆల్బంలో కనిపించని మనిషిని ఒకర్ని అద్దంలో చూసుకోవాలనిపించిందా? వీడియో కాల్‌లో చూసి అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. చిన్నప్పటినుంచీ ఆదివారం ఆదివారం కుంకుడుకాయ రసంతో తలంటి, సాంబ్రాణి పొగ పట్టి, ఆ జడను పెంచింది అమ్మ. అందులో నాకెంత వాటా ఉందో అమ్మకూ అంతే ఉంది. నా తలమీదిదే అయినా అది ఇద్దరి జడ. ఆ సంగతి కత్తెర పడిన తర్వాత తెలిసింది. తెలిసినా బాధ కలగలేదు, మెడ తేలికగా ఉంది. ఈ రెండూ ఒకేసారి నిజం కావడం నాకు కొత్త.

కాలి మెట్టెలు మాత్రం తియ్యలేదు. మొదట్లో పక్క వేలికి ఒరుసుకుని ఎర్రబడేది. ఇప్పుడు అక్కడ చర్మం గట్టిపడింది. టైల్స్ మీద నడుస్తుంటే సన్నగా టక్కుమంటాయి, పక్కగదిలో ఉన్న మా ఆయనకు నేను ఎక్కడున్నానో ఆ చప్పుడుతో తెలుస్తుంది. ఆయన నడిస్తే నాకు తెలియదు. దీన్ని గురించి ఏమనుకోవాలో నేనింకా తేల్చుకోలేదు.

మా ఇళ్లలో పెళ్లయిన మొదటి ఏడంతా మెట్లు మెట్లుగా ఉంటుంది. పదహారు రోజుల పండగ, ఆ తర్వాత ఆషాఢంలో పుట్టింటికి రావడం, అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదన్న ఆనవాయితీ, శ్రావణంలో నోము, అట్లతద్ది, తొలి దీపావళి, తొలి సంక్రాంతి. మంగళగౌరి నోమైతే ఏకంగా ఐదేళ్లు సాగుతుంది. తొలి ఏడు పుట్టింట్లో ఐదుగురు ముత్తైదువలకు వాయనం, రెండో ఏడు పదిమందికి, అలా ఏటా ఐదుగురు చొప్పున పెరుగుతూ ఐదో ఏటికి పాతికమంది అవుతారు. కథ చెప్పుకుంటున్నంతసేపూ దీపాల మీద అట్లకాడ పట్టి, దానికంటిన మసితో కాటుక చేస్తారు. ఈ శ్రావణంలో మా అమ్మ ఇంట్లో ఆ అట్లకాడ పట్టుకుని కూర్చుని, నేతి పొగకు కళ్లు మండుతుంటే అనుకున్నాను: కొత్తదనానికి ఐదేళ్ల గడువు ఇచ్చినవాళ్లు ఎంత తెలిసినవాళ్లు! కొత్తకోడలు ఒక్క పూటలో ఇంటిమనిషి కాదని వాళ్లకు తెలుసు. వాయనం ఇచ్చే ఇళ్లు ఏటా ఐదు పెరిగితే, గుమ్మం తొక్కి పేరు పెట్టి పలకరించగలిగే ఇళ్లు కూడా ఐదు పెరుగుతాయి. కొత్త ఊళ్లో పరిచయాలు అలాగే కదా కుదరాల్సింది? ఇప్పుడు అంత ఓపిక ఎవరికీ లేదు. మేం దిగిన వారానికే, "ఇల్లు చూపించు, సోఫా ఏ రంగు, వంటిల్లు సర్దేశావా" అని వరసగా ఫోన్లు. అట్టపెట్టెలు విప్పకముందే ఇల్లు చూడముచ్చటగా ఉండాలి. నేనూ ఆ తొందరలో పడి, ఫోన్ కెమెరాకు ఆనే మూల ఒక్కటీ ముందు సర్దాను. కొండపల్లి దశావతారాలు, ఏటికొప్పాక లక్కపిడతలు, వెనక పోచంపల్లి ఇక్కత్ గుడ్డ. కెమెరా వెనక గది నిండా అట్టపెట్టెలే.

అయితే ఆ పాత గడువును మెచ్చుకుంటూనే ఒక చోట ఆగిపోతాను. ఈ నోములన్నిట్లో, ఈ పండగలన్నిట్లో, మారాల్సింది ఒక్క మనిషే. కాటుక పట్టేది ఆమె, వాయనం ఇచ్చేది ఆమె, గడప దాటేది, దాటకూడనిది ఆమె. కొత్త కాపురానికి తగినవాడు కావడానికి పెళ్లికొడుకు పట్టాల్సిన నోము ఒక్కటి కూడా లేదు. అతని దగ్గర అడిగే మార్పు ఏమీ లేదు. ఈ మాట ఎవరినో తప్పుపట్టడానికి అనడం లేదు. ఐదేళ్ల ఓపికను ఒక్కరికే కట్టబెట్టకుండా ఇద్దరికీ పంచి ఉంటే ఎంత బాగుండేదో అని అనిపిస్తుంది.

ఆడవాళ్లకు ఇల్లు దిద్దుకోవడం నేర్పే రాతలు మన భాషలో తక్కువేం కాదు. మద్రాసులో డాక్టర్ కె.ఎన్. కేసరి 1928లో 'గృహలక్ష్మి' పత్రిక పెట్టారు. ఆ తరువాతి తరానికి మాలతీ చందూర్. ఆంధ్రప్రభ వారపత్రికలో దశాబ్దాల పాటు నడిచిన ఆవిడ 'ప్రమదావనం' కోసం ఎదురుచూసిన ఇళ్లలో మా అమ్మమ్మ ఇల్లొకటి. ఆవిడ వంటల పుస్తకం అట్ట ఊడి, నూనె మరకలతో ఇప్పటికీ మా అమ్మ బీరువాలో ఉంది. నాకు ఆవిడలో నచ్చేది ఒకటుంది. పిండివంటల కొలతలు చెప్పిన చేత్తోనే ప్రపంచ నవలలను 'పాత కెరటాలు' పేరుతో తెలుగువాళ్లకు పరిచయం చేశారు. వంటిల్లు వేరు, ఆలోచన వేరు అని ఆవిడ గోడ కట్టలేదు. ఆవిడ రాతలు చదివిన అమ్మమ్మ కూడా కట్టుకోలేదు. పప్పు ఉడుకుతుంటే నవల చదువుతూ పొయ్యి దగ్గర పీట మీద కూర్చునేది.

మరోవైపు పి. సత్యవతిగారి 'ఇల్లలకగానే' కథ ఉంది. కాలేజీ రోజుల్లో చదివినప్పుడు అది మా అమ్మల కథ అనుకున్నాను. కొత్త కాపురంలో ఇల్లు అలకడం మొదలుపెట్టిన ఒక ఇల్లాలు, ఆ అలకడంలో ఎంత నేర్పరి అవుతుందంటే, ఒకరోజు తన పేరే మర్చిపోతుంది. ఇరుగుపొరుగుకు తెలియదు, ఇంట్లోవాళ్లకు గుర్తులేదు. చివరకు ఒక పాత స్నేహితురాలి నోట ఆ పేరు దొరుకుతుంది. ఈమధ్య ఫినాయిల్ వాసన వేస్తున్న చేతులతో ఆ కథ మళ్లీ చదివాను. చదివి కొంచెం భయపడ్డాను కూడా, ఎందుకంటే ఆ ఇల్లాలిని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. మెచ్చుకున్నారు. ఇల్లు అద్దంలా ఉందన్నారు. గుడ్డ పట్టుకున్నందుకు పేరు పోలేదు. నేల మెరవడం చూసినవాళ్లు మనిషిని చూడ్డం మానేశారు, మెల్లగా తనూ మానేసింది. మరి నేను ఇష్టంగా నేల తుడుచుకుంటే? తడిగుడ్డ పెట్టిన నేలమీద సాయంత్రం వెలుగు పడటం నాకు నిజంగా ఇష్టం. ఆ ఇష్టాన్ని అనుమానించాలా? చాలా రోజులు ఆలోచించి నాకు నేనే ఒక పరీక్ష పెట్టుకున్నాను. ఎవరూ రారని, ఎవరూ చూడరని తెలిసిన రోజు కూడా ఈ పని ఇలాగే చేస్తానా? చేస్తానంటే అది నాది. దిండు గలేబులకు ఇస్త్రీ ఈ పరీక్షలో పోయింది, మానేశాను. కెమెరా మూల కూడా పోయింది, దశావతారాలు ఇప్పుడు వంటింట్లో నాకు కనిపించేచోట ఉన్నాయి. నేల తుడవడం నిలిచింది. అమ్మ, పిన్ని, అమ్మమ్మల పాత నూలుచీరలతో కుడుతున్న బొంత నిలిచింది. అది ఇంకా సగంలోనే ఉంది, కుట్లు వంకరపోతున్నాయి, అయినా ఆ మెత్తదనం మీద చెయ్యి పెట్టి కూర్చోవడం నాకు చాలు. ఇంటిపేరు మార్చుకునే దరఖాస్తు మాత్రం నింపనే లేదు. ఆ విషయంలో నాకు పరీక్ష కూడా అవసరం పడలేదు.

పడగ్గది గోడకు రంగు వేయడం దగ్గర మా ఇద్దరికీ తేడా వచ్చింది. ఓనరుగారిని అడిగితే, "వేసుకోండమ్మా, ఖాళీ చేసేటప్పుడు మళ్లీ తెల్లగా చేసివ్వండి" అన్నారు. ఏ రంగు వేద్దామని మా ఆయన్ని అడిగాను. "నీ ఇష్టం" అన్నాడు. కర్టెన్లప్పుడూ అదే మాట, గిన్నెల అరకూ అదే మాట. విన్నవాళ్లందరూ అదృష్టవంతురాలివి అంటారు. నాకు మాత్రం ఆ మాట వింటే ఏదో వెలితిగా ఉండేది. అన్నీ నా ఇష్టమే అయితే ఈ ఇంట్లో తనెవరు? అతిథా? ఇల్లంతా నా మీద వదిలేస్తే, రేపు ఏది బాగాలేకపోయినా అది నా చేతగానితనమే అవుతుంది, ఏది బాగున్నా మెచ్చుకుంటే చాలని తనకు అనిపిస్తుంది. ఆ రాత్రి ఇదంతా చెప్పాను. తను చాలాసేపు ఆలోచించి, పుట్టినప్పటినుంచీ ఇంట్లో ఒక్క వస్తువు కూడా ఎక్కడ ఉండాలో తను నిర్ణయించలేదన్నాడు. హాస్టల్లో మంచం ముందే ఉంది, ఇంట్లో అన్నీ అమ్మ చూసుకుంది. ఇష్టం లేక కాదు, తనకు ఏది ఇష్టమో వెతుక్కునే అవసరం ఎప్పుడూ రాలేదు. అంతవరకూ కొత్త మనిషిని నేనొక్కదాన్నే అనుకున్నాను. తనూ కొత్తవాడే, కాకపోతే ఆ సంగతి తనకు ఎవరూ చెప్పలేదు.

గోడ పని ఇద్దరమే చేశాం. పాత డిస్టెంపరు వేలితో రాస్తే పొడి రాలేది. గరుకు కాగితంతో రుద్దాం, పగుళ్లకు లప్పం పెట్టాం, ఆరాక మళ్లీ రుద్దాం. ముక్కులోకి, కనుబొమ్మల్లోకి తెల్లపొడి. రంగు ఎంచుకోవడానికే తనకు చాలా రోజులు పట్టింది, నేను తొందరపెట్టలేదు. చివరకు వానాకాలం గోదారి రంగు కావాలన్నాడు. షాపులో ఆ రంగుకు పేరు లేదు, ఇసుకరంగులో కొంచెం ఎరుపు కలిపించుకుని తెచ్చాం. తడిగా ఉన్నప్పుడు ఒక ఛాయ, ఆరిన తర్వాత ఇంకో ఛాయ. మూలల్లో రోలరు అందనిచోట కుంచెతో తనే దిద్దాడు. ఆ మూలలు చూడ్డానికి ఇప్పటికీ వెళ్లి నిలబడుతుంటాడు.

గోదారి అన్నందుకు చెబుతాను. మా ఆయనది ధర్మపురి దగ్గర ఊరు, నాది రాజమండ్రి. వాళ్ల రేవు దాటిన నీళ్లే మంథని, కాళేశ్వరం, భద్రాచలం మీదుగా మా రేవుకు వస్తాయి. హైదరాబాద్ ఎన్నో ఏళ్లుగా తాగుతున్న మంజీర కూడా గోదావరికి ఉపనదే. ధర్మపురికి దిగువన ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్లే నేరుగా పైపుల్లో నగరానికి రావడం 2015 చివర్లో మొదలైంది. స్నానానికి బోరు, తాగడానికి నది. బాల్కనీలో కడియం నుంచి తెచ్చిన మల్లె మొక్కకు మొదట బోరు నీళ్లే పోశాను, ఆకులు పాలిపోయాయి. ఇప్పుడు బియ్యం కడిగిన నీళ్లు పోస్తున్నాను, అవి తాగే నీళ్ల కుళాయివి. చిగురు పెడుతోంది. ఈ నది నీళ్ల సంగతి తలుచుకున్నప్పుడల్లా నేను పూర్తిగా పరాయిచోటికి రాలేదన్న ధైర్యం కలుగుతుంది. ఇదంతా మనసుకు చెప్పుకునే ఊరటేనా? కావచ్చు. అయినా పటంలో ఆ నది అలాగే పారుతోంది కదా.

శ్రావణం వెళ్లాక అత్తమ్మ వచ్చి కొన్నాళ్లున్నది. వచ్చిన పొద్దునే వంటింట్లో బియ్యం డబ్బా ఇటునుంచి అటు జరుపుతుందేమోనని లోపల ఎక్కడో గట్టిపడి కూర్చున్నాను. ఆమె దేన్నీ జరపలేదు. ఉప్పు కావాలన్నా, "ఏడ పెట్టినవ్ బిడ్డా?" అని అడిగి తీసుకున్నది. రెండోగదిలో ఆమెకు పక్క వేశాం, ఆ గదికి ఇంకా ఏమీ చెయ్యలేదు, బోసిగోడలు. గోడకు అంటించే కొక్కెం ఒకటి జారిపోతే నేను మళ్లీ అంటిస్తుంటే చూసి, తన సంగతి చెప్పింది. ఆమె కాపురానికి వచ్చిన ఇంట్లో గోడలనిండా ఆ ఇంటి పెద్దల పటాలే. పుట్టింటి నుంచి తెచ్చుకున్న తన అమ్మానాన్నల ఫొటోకు మేకు కొట్టే చోటు లేదు. "గప్పుడు నన్నెవలు అడిగిండ్రు బిడ్డా, నీదేడ పెట్టుకుంటవని? సందూగల బట్టల నడుమ పెట్టుకున్న. పండుగకు సందూగ సదిరినప్పుడు చూసుకునేది." మరి మీరడగలేదా అత్తమ్మా అన్నాను. "అడుగుతరా?" అంది, నా ప్రశ్నే ఆమెకు వింతగా. ఏటా దసరాకు ముందు ఆ ఇంటి గోడలకు సున్నం వేసి, కింద జాజు పట్టె దిద్దేది మాత్రం ఆమే. ఆ పట్టె ఎంత తిన్నగా వచ్చేదో, దారం కట్టకుండా చేత్తోనే ఎలా లాగేదో చెబుతున్నంతసేపూ ఆమె వేళ్లు గాలిలో కదులుతూనే ఉన్నాయి. ఆ ఇంట్లో ఆమె చేతికి దొరికిన చోటు అంతే. మా ఆయన గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు. ఫొటో సంగతి తనకు తెలియదట.

ఆ గదికి ఏ రంగు వేయమంటారని అడిగితే, "నాకేం ఎర్క, మీ ఇష్టం" అంది. ఆ మాట నేను ఒప్పుకోలేదు, మా ఆయనా ఒప్పుకోలేదు. ఊరెళ్లిన చాలా రోజులకు తనే ఫోన్ చేసింది. పైన తెలుపు, కింద మోకాలెత్తు జాజు కావాలట. గది చిన్నది, చీకటిగా ఉంటుందని కొడుకన్నాడు. ఉండదని ఆమె అంది, కొడుకు మాటకు ఆమె ఎదురు చెప్పడం నేను వినడం అదే మొదలు. ఇద్దరూ వాదించుకున్నారు, ఇంకా తేలలేదు. బతుకమ్మ అయ్యాక ఫొటో పట్టుకుని వస్తానని, పట్టె తనే దిద్దుతానని, పనివాళ్లను పిలవొద్దని చెప్పింది. మేం లప్పం పెట్టి గోడ సిద్ధం చేస్తున్నాం. మేకు సంగతి ఓనరుగారితో మాట్లాడాలి, ఒక్క మేకుకు ఒప్పుకుంటారనే అనుకుంటున్నాను.